కాలవ పని రోజుల్లో ఇవ్వని బాప్తిస్మం

ఒంగోలు చుట్టుపక్కల ఏ మందిరంలో సువార్త గురించి ప్రసంగం విన్నా, అన్ని జనాల దగ్గరికీ వెళ్లమని యేసు ఆజ్ఞ ఉన్న మత్తయి 28వ అధ్యాయం అయ్యాక వచ్చేది వెల్లంపల్లే. 1878 జూలై 3న అక్కడ గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి పాస్టరు గారి గొంతు పెరుగుతుంది, కీబోర్డు అబ్బాయి కూడా అందుకుంటాడు. నాకు మాత్రం దానికి ముందు నెలల కథే ఎక్కువ ఇష్టం.

అవి 1876-78 నాటి ధాత కరువు రోజులు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. పని మధ్యలో జనం కాసేపు కూర్చుంటే వాక్యం చెప్పేవాళ్లు. విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వనన్నాడు. సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. సాయం ఆగాక కూడా జనం గుంపులుగా వచ్చారు. అప్పుడిచ్చాడు.

మొన్న సండే స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు, "ఆంటీ, మీవాళ్లు బియ్యం కోసం మారారంట కదా అని మా క్లాసులో అంటున్నారు, నిజమేనా?" ఇదంతా చెప్పాను. వాడు ఊరుకోలేదు. "మరి కూలి ఆగిపోయాక ఏం తిన్నారు?" అన్నాడు. ప్రసంగాల్లో ఎవరూ అడగని ప్రశ్న!

అసలు దొర ఒంగోల్లో కాపురం పెట్టకముందే ఇక్కడ పని మొదలుపెట్టినవాడు ఒకడున్నాడు. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తనవాళ్లకు తనే చెప్పుకొచ్చాడు. తర్వాతి ఏడాది మొదట్లో దొర ఆ ఊరు వెళ్లేసరికే నమ్మినవాళ్లు ఎదురుచూస్తున్నారు. మాదిగపల్లెల్లో సువార్త ఇలా చుట్టరికాల వెంటే నడిచింది. పెళ్లికో చావుకో వెళ్లినవాళ్లు నాలుగు మాటలు చెప్పొచ్చేవాళ్లు. లోకమంతా వెళ్లమన్న ఆజ్ఞకు మావైపు మొదట దొరికిన కాళ్లు పేరయ్యవే అంటాను నేను.

ఈసారి మిషనరీ ఆదివారానికి పిల్లలతో నాటిక వేయిస్తున్నాం. టోపీ ఉంటుంది కాబట్టి అందరికీ దొర వేషమే కావాలి. పేరయ్య వేషానికి ఒక్కడూ చెయ్యెత్తలేదు. ఆ ప్రశ్నల పిల్లాడికే ఇచ్చాను. తోళ్ల మూట ఎక్కడ తేవాలని నిన్న వాళ్లమ్మ ఫోన్ చేసింది. పాత రెగ్జిన్ సీటు కవర్లు చాలన్నాను.