తోకకు సూది ఎందుకు వేస్తారంటే

గోదావరి వైనతేయ పాయ అవతల ఒక లంకలో, తాటాకు పాకలో, మూడో ఈత గేదెకు దూడ తల వెనక్కి మడిచి అడ్డుపడిందని కబురొస్తే పడవ దాటి వెళ్ళాను. నేను ముందుగా దాని తోక పట్టుకుని బోరింగు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించడం చూసి ఆ ఇంటావిడకు ఒళ్ళు మండింది. "అది ఈనలేక చస్తుంటే తోకతో పనేంటండీ డాక్టరుగారూ?" అన్నారు.

ఆ పని లేకపోతే మిగతా పని సాగదు. తోకను ఆడించినప్పుడు మొట్టమొదట కదిలే కీలు దగ్గర రెండు పూసల మధ్య సందు వేలికి చిన్న గుంటలా తగులుతుంది. అక్కడ వెంట్రుకలు గొరిగి, స్పిరిటుతో తుడిచి, సూదిని చర్మం దాటించి, దాని వెనక చివరన ఒక చుక్క మందు నిలిపితే, మొన వెన్నుకాలువలోకి చేరగానే సాధారణంగా ఆ చుక్క లోపలికి పీల్చుకుపోతుంది. ఇన్నేళ్ళ సర్వీసు తర్వాత కూడా ఆ చుక్క మాయమయ్యే క్షణం కోసం నేను ఊపిరి బిగబట్టే చూస్తాను. తర్వాత తిమ్మిరెక్కించే మందు, 2 శాతం లిగ్నొకైన్, ఐదు మిల్లీలీటర్లు ఎక్కిస్తే, కొద్ది నిమిషాల్లో తోక తడిసిన కొబ్బరితాడులా వేలాడుతుంది, గేదె ముక్కడం మానేస్తుంది. గర్భాశయం నొప్పులు మాత్రం ఆగవు. పొట్ట బిగించి నా చేతిని నలిపే ముక్కుడు ఒక్కటే ఆగుతుంది. మెయ్య దిగినప్పుడు, అంటే గర్భసంచి బయటికి జారినప్పుడు, లోపలికి నెట్టడానికీ ఇదే ఆధారం. మోతాదు మించితే వెనక కాళ్ళు చచ్చుబడి గేదె కూలబడుతుంది కాబట్టి, ఇంకాస్త వేద్దామన్న ఆశ ఇక్కడ పనికిరాదు.

ఆవిడకు ఆపరేషను కాన్పులో నడుముకు ఇచ్చిన సూది గుర్తొచ్చి, ఇదీ అదేనా అని అడిగారు. ఆవిడకు బహుశా వెన్నునీటిలోకే ఇచ్చి ఉంటారు. మేము ఇచ్చేది ఆ నీటిసంచికి బయట. తోక దగ్గర వెన్నుపాము ఉండదు, నరాలు మాత్రమే ఉంటాయి కనుక ఆ చోటు భద్రం.

మేక దగ్గరికి వచ్చేసరికి మందుల లెక్క మారిపోతుంది. మేకను చిన్న గేదె అనుకున్నందుకు నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక పోతును పోగొట్టుకున్నాను. కొమ్ము విరిగి నెత్తురు కారుతున్న దానికి కంటి అంచనాతో జైలజిన్ అనే మత్తుమందు వేశాను. ఆ మందు గుర్రానికి ఇచ్చే మోతాదులో సుమారు పదో వంతే నెమరువేసే పశువులకు చాలు, వాటిలోనూ మేక మరీ సున్నితం. 20 కేజీల మేకకు ఒక మిల్లీగ్రాము చాలు, అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల బలం గల సీసాలోంచి 0.05 మిల్లీలీటరు, 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజి మీద రెండు గీతలు. 100 మిల్లీగ్రాముల సీసా కూడా అదే రంగులో కనబడుతుందంటే ఇక చెప్పేదేముంది! నా పోతు మేతతో నిండిన పొట్టతో పక్కకు ఒరిగి, పొట్ట ఉబ్బి, నెమరు గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయింది. ఇప్పుడైతే ముందు రోజు నుంచే మేత ఆపిస్తాను. అత్యవసరమై అది కుదరకపోతే, రొమ్ము మీద కూర్చోబెట్టి, మెడ కింద గోనె మడిచి పెట్టి, మూతి కిందికి వాలేలా ఉంచుతాను, లాలాజలం బయటికి కారిపోవాలి.

నిండు చూలు మేకకు జైలజిన్ గర్భాశయాన్ని బిగించి పిల్లకు ముప్పు తెస్తుంది. అందుకే సిజేరియన్‌కు నేను నడుము పూసలకూ త్రికానికీ (తుంటి మధ్య ఎముకకూ) మధ్య సందులో లిగ్నొకైన్‌నే నమ్ముతాను. అయితే అక్కడ నీటిసంచి తగలవచ్చు. సూదిలోంచి నీరు కారితే మోతాదు సగం చేయాలి. పైగా మొత్తం మందు (2 శాతం దానిలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు) కేజీకి ఐదు మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటాను, దాటితే మేకకు వణుకు, ఫిట్స్ రావచ్చు. ఈ వేసవిలో అమలాపురం దగ్గర ఒక చూలు మేకను 23 కేజీలని అంచనా వేసి, ఎందుకో అనుమానం వచ్చి, పక్క చెరువు నుంచి రొయ్యలు తూచే కాటా తెప్పించాను. కుర్రాణ్ణి మేకను ఎత్తుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి నిలబెట్టి తూస్తే తేడా 17 కేజీలు వచ్చింది. ఐదుముప్పావు మిల్లీలీటర్లు దాకా వెళ్ళొచ్చనుకున్న నేను, నాలుగుంపావు దగ్గరే గీత గీసుకుని, మూడున్నరే సిరంజిలోకి లాగాను.