2010 బరోలో, ఇంటి వంట

నిన్న రాత్రి ఇటలీలోని టురిన్‌లో మా ఇంట్లో బరోలో అనే రెడ్ వైన్, 2010 పంటది, తెరిచాం. నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఈ వైన్‌ని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలని ఇక్కడి నియమం. దీని అసలు రుచి మాత్రం ఆ తర్వాత కూడా ఓపిక పట్టినవాళ్లకే. గ్లాసు అంచున ఇటుక రంగు. ఎండు గులాబీ రేకుల వాసన, దాని వెనకే కాస్త తారు. కొత్త బరోలోలో నాలుకను పట్టేసే ఆ వగరు ఎంత మెత్తబడిందో! అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి సీసాని ముందురోజే నిలబెట్టి, కదపకుండా మెల్లగా వంచాం.

మా ఆవిడ ఉల్లి, క్యారట్, రెడ్ వైన్ వేసి సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించిన బీఫ్, పక్కన పొలెంటా, అంటే మొక్కజొన్న పిండి సంకటి. ఇలాంటి సీసా హోటల్లో కాదు, ఇంట్లోనే తెరవాలి. గిన్నెలో మిగిలిన గ్రేవీని బ్రెడ్‌తో తుడిచి మరీ తిన్నాం.