మళ్ళీ స్టేజీయే

ఒంటిగంట దాటింది. ఇవాళ తీసిన పెళ్ళి ఫోటోల మెమరీ కార్డులు లాప్‌టాప్‌లోకి కాపీ అవుతున్నాయి. అవి పూర్తయ్యేదాకా పడుకోకూడదని అన్న పెట్టిన రూలు. ఈ వేళప్పుడు కీబోర్డు చప్పుడు వినిపిస్తే అమ్మ ఏమంటుందో మీకు తెలుసు కదా, మెల్లగానే కొడుతున్నాను.

ఇవాళ కూడా నాకు స్టేజీ మీద గ్రూపు ఫోటోలే. పెళ్ళికూతుర్ని తయారుచేసే గదిలోకి మాత్రం ఆడపిల్లనని నన్నే పంపుతారు. అక్కడేమో ఏసీ, బయట లాన్‌లో రుషికొండ సముద్రపు తేమ గాలి. కెమెరా పట్టుకుని ఇలా బయటికొచ్చానో లేదో లెన్స్ నిండా ఆవిరి. తుడిస్తే మళ్ళీ పడుతుంది. అది బయటి వేడికి అలవాటు పడేదాకా ఆగాల్సిందే. ఈలోగా జీలకర్ర బెల్లం వేళైంది, అడ్డుతెర దగ్గర 85 ఎంఎం లెన్స్‌తో క్యాండిడ్ కుర్రాడు, అంటే పోజు పెట్టించకుండా ఫోటోలు తీసేవాడు, చేరిపోయాడు. అసలైన ముఖాలన్నీ వాడికి. అక్షింతలు వేసి ఫోటోకి నిలబడే రేషన్ క్యూ నాకు.

"ఏటమ్మా, నీకు తియ్యడం వచ్చా?" అంటారు. కళ్ళు మూసేశాను, ఇంకోటి తియ్యి అంటారు. ఒకావిడైతే నా చేతిలో తన ఫోన్ పెట్టి "ఇందులో కూడా" అంది. వెనకాల యాభైమంది. క్యూ తెగేసరికి భోజనాల దగ్గర పెరుగన్నమే మిగిలింది. క్యాండిడ్ కుర్రాడు అప్పటికే కిళ్ళీ నములుతున్నాడు.

ఇదంతా తిట్టుకుంటూ ఫైళ్ళు చూస్తుంటే పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన పోయినప్పుడు దండ వేయడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికాం. ఆధార్ ఫోటో చూసి పెద్దమ్మ వద్దంది. ఫోన్లలో ఉన్నవన్నీ లుంగీలోనో, మనవడు ముక్కు పట్టుకుని లాగుతున్నప్పుడో తీసినవి. చివరికి గాజువాకలో అత్త కూతురి పెళ్ళి ఆల్బంలో దొరికాడు. స్టేజీ మీద, వెనక వరసలో, తెల్ల చొక్కాలో. జగదంబ సెంటర్ దగ్గర స్టూడియోలో ఆ ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించాం. వెనక పూలన్నీ పోయి నీలం రంగు వచ్చింది గానీ, కుడి భుజం మీద ఎవరిదో చెయ్యి ఉండిపోయింది. నాలుగు వేళ్ళు, ఒక ఉంగరం. మావయ్యదని పెద్దమ్మ, కాదని నాన్న. దండ మార్చినప్పుడల్లా ఆ వేళ్ళు కప్పేలా సర్దుతారు.

ఆ ఫోటో తీసినాయన ఎవరో. వెనక వరసలో ఉన్నా పెదనాన్న మీసం వెంట్రుకతో సహా తెలుస్తోంది. ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే కన్నం, బాగా మూసి తీసుంటాడు, అప్పుడే వెనకవాళ్ళూ స్పష్టంగా పడతారు. క్యాండిడ్ వాళ్ళలా ఆ కన్నం బాగా తెరిచి ఎఫ్ 1.8లో తీసుంటే మాకు దొరికేది ఓ తెల్ల చొక్కా మసక. అప్పటినుంచీ గ్రూపులకి నేను ఎఫ్ 5.6 దాటించే పెడుతున్నాను (అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది), తగ్గిన వెలుగుకి ఫ్లాష్ సంగతి ఆ తర్వాతే.

అలాగని స్టేజీ మీద ప్రేమేం పుట్టలేదు. అక్కడ పని తెలిసినవాళ్ళు ఉండాలి, నిజమే. ఆ ఉండేది ప్రతిసారీ నేనే ఎందుకు? ఎల్లుండి సింహాచలంలో పెళ్ళి. తలంబ్రాల దాకా నన్ను మండపం దగ్గర ఉంచమని, ఆ తర్వాత స్టేజీ నాదేనని అన్నతో చెప్తాను. క్యూ మొదలవకముందే నాకు విస్తరి వెయ్యాలి, అదీ చెప్తాను. గారెలు ఉండగానే.