మూడు రంధ్రాలు, అయిదు నెలలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నేను బజారుకు వెళ్తే విమానం సంగతి అడగని మనిషి ఉండరు. మా వీధి మొదట్లో ఉండే ఒడియా మవుసా (బాబాయి) అయితే నేను కనబడితే చాలు, "బాబూ, ఉడాజాహాజ కేబే ఉడిబ?" అంటారు. ఎప్పుడు ఎగురుతుందని. ఇంట్లో అమ్మ "ఏట్రా, ఇంకా రెక్కలు కట్టలేదేటి?" అంటుంది. ఇంట్లోనే ఈ విమానం కట్టడం 2016 దసరాకి మొదలుపెట్టాను, ఇప్పటికి తోక భాగం పూర్తయింది, ఎడమ రెక్క అస్థిపంజరం బల్ల మీద ఉంది. ఈమధ్య నాలాగే ఇంట్లో విమానం మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన ఒకాయన ఫోన్ చేసి, ఇన్ని ఆలస్యాల్లో మనసు ఎలా నిలుపుకున్నారని అడిగారు. ఆ రోజు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నేను కడుతున్నది జెనిత్ సీహెచ్ 701. క్రిస్ హైంట్జ్ డిజైన్ చేసిన ఇద్దరు కూర్చునే చిన్న విమానం, చాలావరకు అల్యూమినియం రేకే. రేకులను కలిపే రివెట్లు ఒకవైపు నుంచే లాగి బిగించే రకం కాబట్టి వెనక ఇంకొకరు దిమ్మ పట్టుకుని నిలబడక్కర్లేదు, ఒంటరిగా పని చేసేవాడికి అది పెద్ద సాయం. కిట్ తెప్పించుకునే స్తోమత లేక డ్రాయింగులు మాత్రం కొని, రేకు ఇక్కడే కోసి, ఇక్కడే వంచి కట్టుకుంటున్నా. పగలు రైస్ మిల్లుల షాఫ్టులు, పుల్లీలు లేతు మీద తిప్పే షాపు నాది. రాత్రి భోజనం అయ్యాక ఇంటి వెనక షెడ్డులోకి వెళ్తా.

ఆలస్యాలు ఎన్ని రకాలో చెప్తే ఒక రాత్రి సరిపోదు. రేకు దగ్గరే మొదలు. పాత్రలు చేసే అల్యూమినియం పనికిరాదు, 6061-టీ6 గ్రేడు, అందులోనూ కొన్నిచోట్ల 0.4 మిల్లీమీటర్ల మందం, సర్టిఫికెట్‌తో కావాలి. అంత పల్చటి రేకు లారీలో వచ్చేటప్పుడు ఒక మూల మడత పడితే చాలు, మళ్లీ ఆర్డర్, మళ్లీ రెండు నెలలు. ఇంజిన్ సంగతి ఇంకా దూరం. రోటాక్స్ 912 అనుకుంటున్నా, 80 హార్స్‌పవర్‌ది. డబ్బు కూడినా ఇప్పుడే కొనను, ఎందుకంటే ఆ ఇంజిన్‌లో రబ్బరు గొట్టాల లాంటివి నడిచినా నడవకపోయినా అయిదేళ్లకు మార్చాల్సిందే, ముందే కొని మూల పెడితే ఆ గడువంతా పెట్టెలోనే కరిగిపోతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. మా షెడ్డు కప్పు రేకులు నాలుగు లేచిపోయాయి. చుక్కానిని దూలానికి తాడుతో కట్టి ఉంచాను, దానికేమీ కాలేదు. కింద దొంతరగా పెట్టిన అల్యూమినియం రేకుల మధ్య గీతలు పడకుండా కాగితం వేశాను చూడండి, అదే ముంచింది. ఆ కాగితం నీళ్లు పీల్చుకుని రోజుల తరబడి రేకును అంటిపెట్టుకుని ఉండిపోయింది. చుట్టూ ఇళ్లు కూలినవాళ్లు ఉంటే రేకులు ఎవరు చూస్తారు, పది రోజుల తర్వాత విప్పి చూశా. ముగ్గు చల్లినట్టు తెల్లటి మచ్చలు. తడిగుడ్డతో తుడిస్తే పొడి పోయింది, కానీ గోటితో గీస్తే సన్నటి గుంటలు తగిలాయి. రెండు రేకులు పక్కన పడేయాల్సి వచ్చింది. ఇప్పుడు నిలువుగా, మధ్యలో గాలి ఆడేలా నిలబెడుతున్నా.

ఇవన్నీ బాధపెట్టాయి గానీ నన్ను ఆపలేదు. ఆలస్యం మా ఊరికి కొత్త కాదు. నౌపడా నుంచి మహారాజా వారు వేయించిన చిన్న రైలు 1900లో పర్లాకిమిడి వచ్చింది, అదే లైను గుణుపురం చేరేసరికి 1931 అయింది. 2004లో ఆ చిన్న రైలు ఆపేసి, పెద్ద లైను వేసి, గుణుపురం దాకా మళ్లీ బండి నడిపేసరికి 2011. ఆ ఏడేళ్లూ మా నాన్న బస్సులోనే గుణుపురం వెళ్లొచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ చెప్పులు విప్పకముందే కట్ట పని ఎంతవరకు వచ్చిందో చెప్పేవారు, ఫలానా ఊరి దగ్గర కంకర పడింది, ఫలానా చోట వంతెనకు దిమ్మెలు లేచాయి అని. రైలు ఎప్పుడొస్తుందని ఆయన ఒక్కసారి కూడా అనగా నేను వినలేదు.

అనుమతుల విషయంలో టెన్షన్ పడేవాళ్లకు నేను కెప్టెన్ అమోల్ యాదవ్ గురించి చెప్తాను. ముంబై కాందివలిలో తన ఇంటి మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్. 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని జనమంతా చూశారు. పౌర విమానాలను నియంత్రించే డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. అంతకు ముందు తిరిగిన ఏళ్లు వేరే. ఆయన దారి చూశాక నా కాగితాలు, ఫొటోలు, రేకు సర్టిఫికెట్లు, ఏ రోజు ఏ రివెట్ వేశానో మొదటి రోజు నుంచి పుస్తకంలో పెడుతున్నా. అడిగిన రోజున వెతుక్కోకూడదు.

నన్ను నిజంగా ఆపింది మూడు రంధ్రాలు. స్టెబిలైజర్ అంటే తోకలోని అడ్డ రెక్క, దాని వెనక స్పార్‌కు, అంటే పొడవునా బలమిచ్చే దూలానికి, రంధ్రాలు వేస్తున్నా, రాత్రి పదకొండు దాటింది, షాపులో పొద్దంతా నిలబడి ఉన్నాను, గీత గీసేటప్పుడు పట్టీ కాస్త జరిగినట్టుంది. రేకు అంచు నుంచి రంధ్రం మధ్యకు కనీసం రివెట్ వ్యాసానికి రెండింతలు ఉండాలి. 4 మిల్లీమీటర్ల రివెట్‌కి 8 మిల్లీమీటర్లు. కొలిచి చూస్తే చివరి మూడు రంధ్రాలకు 5న్నరే ఉంది. అంత దగ్గరగా ఉంటే బరువు పడినప్పుడు రేకు అంచువైపు చీరుకుపోతుంది. ఎర్ర మార్కర్‌తో మూడింటి చుట్టూ సున్నాలు చుట్టి, లైటు ఆర్పి ఇంట్లోకి వచ్చేశా.

తర్వాత అయిదు నెలలు షెడ్డు తలుపు తీయలేదు. అడిగినవాళ్లందరికీ రివెట్ల పార్సిల్ రాలేదని చెప్పా. పార్సిల్ ఎప్పుడో వచ్చి అలమారాలో ఉంది. రాత్రి పడుకుంటే ఆ మూడు సున్నాలే కళ్ల ముందు. చివరికి ఒకరోజు మా ఆవిడ నిచ్చెన కోసం షెడ్డులోకి వెళ్లి ఆ స్పార్ చూసింది. "దీన్ని కొత్తగా చెయ్యాలంటే ఎన్నాళ్లు పడుతుందండీ?" అని అడిగింది. నాలుగు రోజులన్నాను. "నాలుగు రోజుల పనికి అయిదు నెలల నుంచి నిద్ర పోవట్లేదా?" అంది, నిచ్చెన తీసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే కొత్త రేకు కోశా. నాలుగు కాదు, ఆరు రోజులు పట్టింది. ఫోన్ చేసినాయనకు నేను చెప్పాలనుకున్నది ఇదే: బయటి నుంచి వచ్చే ఆలస్యానికి మనిషి తట్టుకుంటాడు, ఎందుకంటే అది ఎప్పుడో ఒకప్పుడు తెములుతుంది. చెడిన ముక్కను చూడలేక మనం తలుపు వేసుకున్న ఆలస్యం మాత్రం తనంతట తాను తెమలదు, రోజులు గడిచేకొద్దీ ఆ ముక్క ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. మీరు ఆపిన చోట ఏ ముక్క ఉందో మీకు తెలుసు సార్. ఇవాళ వెళ్లి దాన్ని కొలవండి. బాగు చెయ్యకపోయినా సరే, కొలిచి రాసుకోండి.

అప్పటి నుంచి రాత్రి పదిన్నర దాటితే డ్రిల్ పట్టుకోను. ఏదైనా తప్పు పోతే దాని బదులు ముక్కకు మర్నాడే రేకు మీద గీత గీసి పెడతా, కోసేది తర్వాత. రేకు రాని రోజుల కోసం ఒక రేకు డబ్బాలో చిన్న పనులు వేరుగా పెట్టుకున్నా, కోసిన రిబ్బుల (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్కల) అంచులు నునుపు చెయ్యడం, బ్రాకెట్లకు ప్రైమర్ కొట్టడం లాంటివి. ఇరవై నిమిషాలైనా చేసి, నాన్న కట్ట సంగతి చెప్పినట్టు, ఎంతవరకు వచ్చిందో పుస్తకంలో ఒక్క వాక్యం రాస్తా. పాత స్పార్ షెడ్డు గోడకే వేలాడుతోంది, ఎర్ర సున్నాలతో సహా.

మొన్న ఆదివారం మవుసా మళ్లీ అదే అడిగారు. రండి అని షెడ్డులోకి తీసుకొచ్చి, రివెట్ గన్ చేతికిచ్చి, ఎడమ రెక్క రిబ్బు మీద ఒక రంధ్రం చూపించా. రెండు చేతులతో గట్టిగా నొక్కారు, రివెట్ మధ్యలో ఉండే మేకు టక్కున తెగింది. ఆయన ఉలిక్కిపడి, వేలితో ఆ రివెట్ తల తడిమి చూసి, "ఆవు గొటియే అఛి కి?" అన్నారు. ఇంకొకటుందా అని. ఆ రిబ్బుకి ఇంకా పదకొండు ఉన్నాయి. అన్నీ ఆయనే వేశారు.