తిరుపతి నుంచి ఎన్‌ఐడీకి: రెండు ప్రయత్నాల ప్రిపరేషన్ అనుభవాలు

డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలకు సిద్ధమవుతున్న తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఈ అనుభవాలు రాస్తున్నాను. నేను చంద్రగిరి దగ్గర ఒక పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని, తిరుపతిలో ఇంటర్మీడియట్ సీఈసీ పూర్తిచేశాను. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) నిర్వహించే డాట్ అనే ప్రవేశ పరీక్షకూ, ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే ప్రవేశ పరీక్షకూ రెండేసిసార్లు హాజరయ్యాను. మొదటి ఏడాది రెండూ తప్పాను. రెండో ఏడాది డాట్ ప్రిలిమ్స్, మెయిన్స్ దాటి ఎన్‌ఐడీ డిగ్రీ కోర్సు బీడిజైన్‌లో సీటు తెచ్చుకున్నాను. ఈఏపీసెట్‌కు, నీట్‌కు ఎలా చదవాలో చెప్పే సీనియర్లు మన ఊళ్ళో వీధికి ఇద్దరు దొరుకుతారు గానీ, ఈ పరీక్షల గురించి అడుగుదామంటే నాకు ఒక్కరూ కనబడలేదు. ఆ లోటు మీకు కొంతైనా తీరాలని నా కోరిక.

పరీక్షల స్వరూపం క్లుప్తంగా చెబుతాను. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా రెండూ రాయవచ్చు. డాట్ ప్రిలిమ్స్ మూడు గంటల పాటు కాగితం మీద రాసే 100 మార్కుల పరీక్ష. అందులో అర్హత పొందినవారిని మెయిన్స్‌కు పిలిచి స్టూడియో టెస్ట్ పెడతారు. యూసీడ్ కూడా మూడు గంటలదే. అందులో పార్ట్ ఏ కంప్యూటర్ మీద 200 మార్కులకు, పార్ట్ బీ చేత్తో గీసే బొమ్మలకు 100 మార్కులకు ఉంటాయి. పార్ట్ ఏలో కటాఫ్ దాటినవారి పార్ట్ బీని మాత్రమే దిద్దుతారు. యూసీడ్‌ను వరుసగా వచ్చే రెండేళ్ళలో రెండుసార్లే రాయనిస్తారు కాబట్టి, ఎలా ఉంటుందో చూసొద్దామని ఒక అవకాశాన్ని ఖర్చు చేసుకోకండి.

మా నాన్న సైన్‌బోర్డులు రాసేవారు. తిరుపతిలో ఒకప్పుడు చాలా దుకాణాల పేర్లు ఆయన చేతి అక్షరాలే. నూలుదారానికి సుద్దపొడి పట్టించి, రేకు మీద రెండు కొసలా బిగించి, మధ్యలో పట్టుకుని ఒక్కసారి లాగి వదిలితే తిన్నగా తెల్లటి గీత పడేది. ఆ గీతల మధ్య ఆయన తలకట్టుతో మొదలుపెట్టి ఒక్కో అక్షరాన్నీ దింపుతుంటే చిన్నప్పుడు నేను డబ్బాలు అందిస్తూ చూసేదాన్ని. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ దగ్గర పనిచేస్తున్నారు. అందుకే నేను బొమ్మల చదువు చదువుతానన్నప్పుడు, ఆ దారిలో నడిచి దెబ్బతిన్న మనిషిగా, ఆయన ఒప్పుకోలేదు. ఆయన భయంలో న్యాయం ఉందని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. ఫోనులో మనం చదివే తెలుగు అక్షరాలను కూడా ఎవరో ఒకరు కూర్చుని గీస్తేనే వస్తాయని, అది ఫాంట్ డిజైన్ అనే వృత్తి అని, మందుల డబ్బా మీది అక్షరాల నుంచి యాప్‌లో కనిపించే తెర దాకా ఇలాంటి పని చేసేవాళ్ళకు జీతాలు ఉన్నాయని చూపించాక ఆయన కాస్త మెత్తబడ్డారు. మీ ఇంట్లోనూ ఇదే ప్రశ్న వస్తుంది. కోపగించుకోకుండా, ఏ కోర్సు చదివితే ఏ పని చేయవచ్చో కాగితం మీద రాసి చూపించండి. బీడిజైన్ నాలుగేళ్ళ కోర్సు. మొదటి ఏడాది అందరికీ ఉమ్మడి ఫౌండేషన్, ఆ తర్వాత శాఖల్లోకి విడిపోతారు. 2015లో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మన రాష్ట్రంలోనే ఉంది కాబట్టి దూరాభారం అన్న మాటకు కూడా జవాబు ఉంది.

ఇక మొదటి ప్రయత్నం ఎందుకు తప్పిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇప్పుడు అదే దారిలో ఉన్నారని నా అనుమానం. నేను చేరిన కోచింగ్ కేంద్రంలో ఇరవై దృశ్యాలు ఇచ్చి వాటిని చూడకుండా గీయగలిగేదాకా సాధన చేయించారు. వానలో బస్టాపు, సంతలో కూరగాయల అంగడి, రైల్వే ప్లాట్‌ఫారం, పెళ్ళి పందిరి ఇలా. నా షేడింగ్ చూసి అందరూ మెచ్చుకునేవారు, నేనూ అదే నా బలం అనుకున్నాను. తీరా పరీక్షలో అడిగిన కోణం నేను కంఠస్థం చేసిన ఏ దృశ్యానికీ సరిపోలేదు. తెలిసిన బొమ్మను అడిగిన బొమ్మగా మార్చే ప్రయత్నంలో చెరిపి గీసి, గీసి చెరిపి, ఒక్క ప్రశ్నకే 50 నిమిషాలు పెట్టాను. మిగిలిన ప్రశ్నల్లో రెండింటిని ముట్టుకోనే లేదు. నాకు తెలిసిందల్లా ఇరవై బొమ్మలేనని, ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఆలోచించి గీయడం అసలు రాదని ఆ రోజు హాల్లోనే అర్థమైంది.

ఆ వేసవిలో శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కళాకారుడి ఇంట్లో రెండు నెలలు పని నేర్చుకున్నాను. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపు దూరంలోనే ఇంత పెద్ద విద్య ఉంది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అయినా డిజైన్ పరీక్షకు సిద్ధమయ్యే మన పిల్లలు అటువైపు తొంగిచూడకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అక్కడ గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ రంగు పట్టడానికి, పాలల్లోని జిడ్డు రంగు పాకకుండా ఉండటానికి. కాలిన చింతపుల్లల బొగ్గుతో బొమ్మ స్థానం గుర్తు పెట్టుకుంటారు. కలం అంటే వెదురుపుల్ల. మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి తీసిన ద్రవంలో దాన్ని ముంచి, ఆ ఉన్నిని వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు మొనకు దిగుతుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు అది తగిలీ తగలగానే నల్లబడుతుంది. ఆ నలుపు ఇక పోదు.

మొదటి వారమంతా నాకు గీతలకన్నా మరకలే ఎక్కువ వచ్చాయి. భయంతో మధ్యలో చెయ్యి ఆగితే ఆగినచోట బొట్టు పడేది. నేర్పే పెద్దాయన కేకలేయలేదు. నా పక్కన కూర్చుని, "పాపా, ఎక్కడ ఆపాలో చూసుకున్నాకే కలం ఆనించు" అన్నారు. ఆ మాట నా సాధన మొత్తాన్ని మార్చింది. అప్పటి దాకా గీత మొదలుపెట్టాక అది ఎటు పోతుందో చూసేదాన్ని. ఆ తర్వాత నెమలి మెడ గీయాలంటే మొదటి చుక్క, చివరి చుక్క, మధ్యలో వంపు ఎక్కువయ్యే చోటు, ఈ మూడూ కంటితో పెట్టుకుని ఒక్క ఊపులో లాగడం అలవాటైంది. తిరుపతికి వచ్చాక పెన్సిలు, రబ్బరు రెండూ పెట్టెలో పెట్టి, నాలుగు నెలలు మామూలు బాల్ పెన్నుతోనే గీశాను. పరీక్షలో పెన్సిలు వాడవచ్చు. సాధనలో మాత్రం పెన్ను వాడండి. చెరిపే వీలు లేనప్పుడు మనసు ముందుగా పనిచేస్తుంది, గడియారం మీదా భారం తగ్గుతుంది. రెండో ఏడాది ఏ బొమ్మకూ నాకు 25 నిమిషాలు దాటలేదు.

రోజూ ఉదయం ఒక గంట ఆర్టీసీ బస్టాండులో గడిపేదాన్ని. మనిషి ఒంటి బరువు ఎక్కడ ఆనుతుందో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. నెత్తిమీద మూట ఉన్నవాళ్ళ మెడ తిన్నగా ఉండి నడుము దగ్గర ఊగుతుంది, భుజాన బిడ్డ నిద్రపోతున్న తల్లి తుంటి రెండోవైపుకు జరుగుతుంది, గుండు కొట్టించుకుని వచ్చిన పిల్లవాడి చెయ్యి మాటిమాటికీ తల మీదికే పోతుంది. ఫోటో తీయకుండా, అక్కడ గీయకుండా, పది నిమిషాలు చూసి, ఇంటికి వచ్చాక జ్ఞాపకం మీద గీసేదాన్ని. గీయలేకపోయిన భాగాన్ని మర్నాడు వెళ్ళి మళ్ళీ చూసేదాన్ని. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒక అక్క వేళ్ళను ఇలా దాదాపు నెల రోజులు గీశాను. దారం బొటనవేలి కింద నుంచి ఏ దిక్కుగా తిరిగి పువ్వు కాడ మీదికి ఎక్కుతుందో ఐదారు రోజులు చూసినా అంతుపట్టలేదు. చివరికి ఆమెనే అడిగితే, నాలుగు మూరలు కట్టించి నేర్పించింది. చేత్తో చేశాకే చేతిని గీయగలిగాను.

పర్‌స్పెక్టివ్, అంటే చూసే చోటును బట్టి దూరం, ఎత్తు తెలిసేలా గీయడం, ఆ విషయంలో ఒక్క చిన్న సాధన చెబుతాను. గాంధీ రోడ్డులో ఒకేచోట నిలబడి వీధిని గీయండి, తర్వాత అక్కడే మెట్టు మీద కూర్చుని గీయండి, వీలైతే పక్క మేడ మీది నుంచి కూడా గీయండి. క్షితిజరేఖ ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుందన్న సూత్రం పుస్తకంలో వంద సార్లు చదివినా రానిది, ఈ మూడు బొమ్మలతో వస్తుంది. మొదటి ఏడాది నన్ను ముంచింది ఈ కోణమే.

గీయడం వచ్చినంత మాత్రాన సీటు రాదు. సమస్యను గుర్తించి, దానికి ఒక దారి ఆలోచించి, ఆ ఆలోచన కాగితం మీద ఎదుటివారికి తెలిసేలా చూపించాలి. నేను నా కోసం పెట్టుకున్న సమస్యల్లో ఒకటి చెప్పుల స్టాండు. తిరుపతికి వచ్చే భక్తులు తమిళం, కన్నడం, మరాఠీ ఇలా ఎన్నో భాషలవారు, చదువు రానివారూ ఉంటారు. నంబరు బిళ్ళ పోగొట్టుకున్న ఒక అవ్వ తన చెప్పులు ఏ వరుసలో పెట్టారో చెప్పలేక నిలబడిపోవడం కళ్ళారా చూశాను. వరుసకు ఒక జంతువు బొమ్మ, ఆ జంతువు ఆకారంలోనే కత్తిరించిన బిళ్ళ అనుకుని మొదలుపెట్టాను. చేప, తాబేలు, ఏనుగు ఆకారాలు వేలితో తడిమినా తెలుస్తాయి గానీ ఆవు, గుర్రం చిన్న సైజులో ఒకేలా కనిపించాయి. దాంతో ఆవు, గుర్రం లాంటివి తీసేసి గొడుగు, కుండ, తాళంచెవి చేర్చాను. ఇలా ఏది ఎందుకు తీసేశారో బొమ్మ పక్కనే రెండు ముక్కల్లో రాయండి. వారానికి ఒక సమస్య చొప్పున పట్టుకున్నా ఏడాదికి యాభై అవుతాయి.

యూసీడ్ పార్ట్ ఏ గురించి తక్కువే చెబుతాను. ఘనాలు విప్పే ప్రశ్నలకు అగ్గిపెట్టెలు, మందుల డబ్బాలు విప్పి పరిచి, మళ్ళీ మడిచి నేర్చుకున్నాను. సంఖ్య రాసే నాట్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు, ఆప్షన్లు ఉన్న ప్రశ్నలకు ఉన్నాయి. కాబట్టి నాట్ ప్రశ్న దేన్నీ ఖాళీగా వదలకండి.

తెలుగు మాధ్యమం వారికి ఒక మాట. డాట్ ప్రశ్నపత్రం ఇంగ్లిషులో, హిందీలో ఉంటుంది, యూసీడ్ ఇంగ్లిషులోనే ఉంటుంది. కష్టమైన ఇంగ్లిషేమీ కాదు గానీ, ఆజ్ఞాపించే పదం అర్థం కాకపోతే బొమ్మ మొత్తం దారి తప్పుతుంది. పాత ప్రశ్నపత్రాల నుంచి స్కెచ్, ఇలస్ట్రేట్, కంపోజ్, అనొటేట్, వ్యూపాయింట్, టెక్స్చర్ లాంటి పదాలన్నీ ఒక నోటుబుక్కులో ఎత్తిరాసుకుని, ఒక్కోదానికి ఎదురుగా తెలుగులో అర్థం కాకుండా ఒక చిన్న బొమ్మ గీసుకున్నాను. నాకు అదే బాగా పనిచేసింది.

మెయిన్స్ స్టూడియో టెస్టుకు చేతిలో వస్తువు తయారుచేయడం రావాలి. కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి, చీపురుపుల్లలు, పాత పేపర్లు, సన్న తీగ, వీటిలో రోజుకు ఒకటి తీసుకుని గంటలో ఏదో ఒకటి నిలబెట్టేదాన్ని. కాగితాన్ని మడతపెడితే ఎంత బరువు మోస్తుందో, తీగ ఎన్నిసార్లు వంచితే విరుగుతుందో చేతికి ముందే తెలిసి ఉంటే, పరీక్షలో ఇచ్చిన సామగ్రిని చూసి కంగారు పుట్టదు.

ఈ రెండు పరీక్షలే లోకం అనుకోకండి. మన తిరుపతిలోనే 1960లో మొదలైన శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ శిల్పకళా సంస్థలో రాతిశిల్పం, సుధాశిల్పం (సున్నపు గారతో చేసేది), లోహశిల్పం, కొయ్యశిల్పం, సంప్రదాయ చిత్రలేఖనం, ఆలయ నిర్మాణం నేర్పుతారు. పదో తరగతి పాసైతే చాలు. కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో కొయ్యబొమ్మలు చెక్కే కుటుంబాలు ఉన్నాయి. చేతిపనిలో లోతు ఉన్నవారికి యానిమేషన్‌లోనైనా, మ్యూజియం పనిలోనైనా, బట్టల డిజైన్‌లోనైనా తప్పక విలువ ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. నా ఫౌండేషన్ తరగతిలో నేను రోజూ వాడుతున్నది కూడా శ్రీకాళహస్తిలో నేర్చుకున్నదే.

చివరిగా, కాగితాల పని. బీసీ విద్యార్థులకు మన రాష్ట్ర కుల ధ్రువపత్రం ఇక్కడ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా బ్రోచర్‌లో చెప్పిన తేదీ తర్వాత జారీ అయినదై ఉండాలి. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చిన రోజు నుంచి తహసీల్దారు సంతకం పడేదాకా నాకు మూడు వారాలు పట్టింది, మధ్యలో పేరులో ఒక అక్షరం తప్పు పడి రెండోసారి తిరగాల్సి వచ్చింది. దరఖాస్తులు మొదలయ్యేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాబట్టి ఆగస్టులోనే ఆ పని మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో పేరు ఎలా ఉందో సర్టిఫికెట్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉందో లేదో కౌంటరు దగ్గరే చదివి చూసుకోండి.