ఎలుగు వేటకి ఐదు డాలర్ల చీటీ: నా అనుభవం

2025 సెప్టెంబర్ 20, శనివారం రాత్రి. లాప్‌టాప్‌లో రెండు ట్యాబులు తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బికి పెట్టే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలంటూ ముందురోజు ట్రంప్ సంతకం పెట్టిన ప్రకటన. రెండోదాంట్లో ఫ్లోరిడాలో ఎలుగుబంటిని వేటాడే పర్మిట్‌కి దరఖాస్తు. మొదటిదానితో వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోతున్నాయి. సెలవుకని ఊరెళ్ళినవాళ్ళు వెనక్కి రావడానికి టికెట్ల కోసం కొట్టుకుంటున్నారు. నేను మాత్రం రెండో ట్యాబులో కార్డు నంబరు కొట్టాలా వద్దా అని చూస్తున్నాను.

పుట్టి బుద్ధెరిగి తుపాకీ పట్టినవాణ్ణి కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఎలుగు మాకు కథల్లో జంతువు కాదు. పొద్దున్నే జీడితోటకి వెళ్ళేవాళ్ళు నలుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు, చప్పుడుకి అది పక్కకి తప్పుకుంటుందని. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు మనుషుల మీద పడినప్పుడు అమ్మ వారం రోజులు నాన్నని తోట వైపు పోనివ్వలేదు. అయినా అక్కడ ఎలుగుని చంపడమనే మాటే లేదు. వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, పులితో సమానం.

ఇప్పుడుండేది ఫ్లోరిడాలోని సెమినోల్ కౌంటీలో. ఇక్కడా ఎలుగే! నల్లటిది, మన ఎలుగంత కోపిష్టిది కాదు, చెత్త డబ్బాలంటే ప్రాణం. మా వైపు చెత్త పట్టుకెళ్ళే రోజు తెల్లవారుజామున ఐదు దాటాకే డబ్బా వీధిలో పెట్టాలి. ముందురోజు రాత్రే పెడితే తెల్లారేసరికి రోడ్డంతా అన్నం మెతుకులూ పాల డబ్బాలూ. ఆ జులైలో ఒక తల్లి రెండు పిల్లల్ని వెంటేసుకుని మా వెనక కంచె పక్క నుంచి నడిచి వెళ్ళింది. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి వీడియో తీసింది. వీడియోలో ఎలుగు కన్నా మా ఆవిడ ఊపిరి చప్పుడే ఎక్కువ.

ఆగస్టులో రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ వేటకి ఒప్పుకుంది. పదేళ్ళ తర్వాత మొదటి వేట. 2015లో వంద డాలర్లు కట్టిన ప్రతి ఫ్లోరిడావాడికీ పర్మిట్ ఇచ్చేశారట. 3,700 పైగా అమ్ముడయ్యాయి. వారం రోజులు అనుకున్న వేటని రెండు రోజులకే ఆపాల్సి వచ్చింది, అప్పటికే మూడు వందలు దాటి ఎలుగులు పడిపోయాయి. ఆ తలనొప్పి మళ్ళీ వద్దని ఈసారి పర్మిట్లు 172 మాత్రమే, ఎవరికన్నది డ్రాలో తేలుస్తాం అన్నారు. డిసెంబర్ 6 నుంచి 28 దాకా వేట. పేరు తగిలినవాళ్ళు మళ్ళీ వంద డాలర్లు కట్టి పర్మిట్ తీసుకోవాలి, వేరే రాష్ట్రం వాళ్ళయితే మూడు వందలు. బయటివాళ్ళకి మొత్తంలో పది శాతం మించి వెళ్ళకూడదు. ఇంతవరకూ బాగానే ఉంది. అసలు మెలిక దరఖాస్తు దగ్గర: ఒక్కోటి ఐదు డాలర్లు, తిరిగివ్వరు, ఒక మనిషి ఎన్నయినా వేసుకోవచ్చు.

దీన్ని నాకు మొదట చెప్పింది పక్కింటి పెద్దావిడ. డెబ్భై దాటాయి, తోటలో కుర్చీ వేసుకుని పక్షుల్ని చూస్తుంటుంది. "నీకు పర్మిట్ వచ్చి నువ్వు అడవికి వెళ్ళకపోతే ఒక ఎలుగు మిగిలినట్టే" అంది. అప్పటికే తను నలభై వేసిందట. అంటే రెండు వందల డాలర్లు, పింఛను డబ్బులు. వేట వద్దనేవాళ్ళంతా అలాగే వేయమని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు.

రెండో మనిషి మా టీమ్‌లో పనిచేసే విస్కాన్సిన్ వాడు. చిన్నప్పటి నుంచి వేట వాళ్ళింటి అలవాటు, మాంసం ఫ్రీజర్‌లో పెట్టుకుని ఏడాది పొడుగునా తింటారు. లంచ్‌లో పెద్దావిడ మాట చెబితే మొహం మాడ్చుకున్నాడు. "ఆడనివాడు సీటు కొని ఖాళీగా ఉంచడమేంటి?" అన్నాడు. వాళ్ళ రాష్ట్రంలో లాటరీ కాదు, వరసట. ఏటా డిసెంబర్ 10లోగా దరఖాస్తు పెట్టాలి, రాకపోతే ఒక పాయింటు కలుస్తుంది, పాయింట్లు ఎక్కువున్నవాళ్ళకి ముందు. ఉత్తరాన మంచి జోన్లలో ఏళ్ళకేళ్ళు ఆగాలి. మూడేళ్ళు వరసగా దరఖాస్తు మరిచిపోతే కూడబెట్టిందంతా పోయినట్టే. వాళ్ళ నాన్న తొమ్మిదేళ్ళు ఆగాడు, తీరా పర్మిట్ వచ్చిన ఏడు మోకాలి ఆపరేషన్. మైనర్లకి బదలాయించే వీలుంటే మనవడి పేరు మీదకి మార్పించాడట. "అయినా ఆయనెప్పుడూ అన్యాయం జరిగిందనలేదు. ముందున్నవాడు ముందే వెళ్ళాడు కదా" అన్నాడు.

గ్రీన్‌కార్డు క్యూ గురించి తెలిసినవాణ్ణి గనుక నేను తలూపలేదు. పెద్ద చదువుల వాళ్ళకిచ్చే ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు వరసలో మనవాళ్ళది అప్పటికింకా 2013లో పెట్టుకున్నవాళ్ళ వంతే నడుస్తోంది. నిన్న వచ్చి వరసలో నిలబడ్డవాడికి ఆ న్యాయం ఏం కనపడుతుంది? వరస పొట్టిగా ఉన్నప్పుడే వరస బాగుంటుంది. పొడుగైతే ముందు పుట్టినవాడికి ఆస్తి కింద లెక్క. అప్పుడు చీటీ తియ్యడమే నయం. కాకపోతే మనిషికొక్క చీటీ ఉండాలి.

ఆ మాట నాకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు. 2023 మార్చిలో నా హెచ్-1బి లాటరీ. రిజిస్ట్రేషన్‌కి పది డాలర్లు. నన్ను తీసుకొచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు, పేరెందుకులెండి, "మరో రెండు చోట్ల కూడా వేయిస్తాం, నువ్వు సంతకం పెట్టు చాలు" అన్నారు. పెట్టాను. ఆ ఏడాది 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి, అందులో 4 లక్షల పైన ఒకే మనిషికి రెండూ మూడూ పడ్డవే. ఉన్నవి 85 వేల వీసాలు. నాది మూడింట్లో ఒకటి పిక్ అయింది. నాతోపాటు చదివినవాడికి వాళ్ళ కంపెనీ నిజాయతీగా ఒక్కటే వేసింది, పిక్ కాలేదు. వాడిప్పుడు కెనడాలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, నేను ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం. మరుసటి ఏడాది నుంచి పద్ధతి మార్చారు: ఎన్ని కంపెనీలు వేసినా పాస్‌పోర్టుకి ఒకటే చీటీ. ఆ ఏడు లెక్కలోకి వచ్చినవి 4,70,342కి పడిపోయాయి.

కాబట్టి ఆ శనివారం రాత్రి నేను పెద్దమనిషి తరహాలో ఒక నిర్ణయానికొచ్చాను. వేస్తే ఒక్కటే వేస్తాను, తగిలితే వంద కట్టి పర్మిట్ సొరుగులో పెట్టుకుంటాను.

మా ఆవిడకి రెండు అనుమానాలు. మొదటిది, "వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఈ వేట గోలేంటని అడగరా?" నేను వెతికితే తమాషా సంగతి ఒకటి కనపడింది. నాలా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు! అంటే ఓటు హక్కు లేదు కానీ ఎలుగుని కాల్చడానికి దారి ఉంది. ఈ ముక్క చెబితే ఆవిడ చాలాసేపు నవ్వింది.

రెండోదానికి నవ్వలేదు. "ఒక్కటే ఎందుకండీ? మీ వీసాకి మూడు వేసినప్పుడు లేని నీతి ఎలుగు దగ్గరకి వచ్చేసరికి పుట్టుకొచ్చిందా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్కటే వేశాను. ఖాతా తెరవడం, వివరాలు కొట్టడం, ఐదు డాలర్లు కట్టడం, అంతా పదిహేను నిమిషాల పని. వీసాకి పట్టిన కాగితాలతో పోలిస్తే పానీపూరీ కొనుక్కున్నట్టుంది.

ఆ వారమే చిన్నాన్నతో మాట్లాడుతూ ఇదంతా చెప్పాను. పలాసలో జీడిపప్పు వ్యాపారం. "ఎలుగుని చంపడానికి లాటరీ ఏట్రా?" అని కాసేపు ఆశ్చర్యపోయి, ఎన్నయినా వేసుకోవచ్చనగానే అర్థం చేసుకున్నాడు. "ఓహో, మన బ్రాందీ షాపుల డ్రా!" ఆంధ్రలో 2024 అక్టోబర్‌లో 3,396 షాపులకి డ్రా తీశారు. దరఖాస్తుకి రెండు లక్షలు, తిరిగిరావు, ఎన్నయినా వేసుకోవచ్చు. దాదాపు 90 వేలు పడ్డాయి. చిన్నాన్న స్నేహితులు నలుగురు కలిసి ఆరు వేస్తే ఒక్కటీ తగల్లేదు. "డ్రా న్యాయంగానే తీశార్రా, అందరి ముందూ. కాకపోతే గిన్నెలో మా చీటీలు ఆరు, ఇంకోడివి అరవై" అన్నాడు. ఆ పన్నెండు లక్షల గురించి ఇప్పటికీ ఒకరి మొహం ఒకరు చూసుకోరట.

సెప్టెంబర్ నెలాఖర్లోనే తేలిపోయింది. 1,63,000 పైగా దరఖాస్తులు. అంటే రాష్ట్రానికి ఫీజు రూపంలోనే ఎనిమిది లక్షల డాలర్ల పైన, ఒక్క పర్మిట్ ఇవ్వకముందే. నా ఒక్క చీటీకి సుమారు 950లో ఒక వంతు అవకాశం. అదే ఐదు వందల డాలర్లు పెట్టి వంద చీటీలు వేసినవాడికి పదిలో ఒక వంతు. కళ్ళకి గంతలు కట్టి వేలంపాట పాడించి, దాని పేరు లాటరీ అన్నారు. నాకు రాలేదు. పెద్దావిడ నలభైకీ రాలేదు. మా టీమ్ వాడు ఇరవై వేశాడట, వాడికీ రాలేదు. వేట వద్దనేవాళ్ళలో కొందరికి వచ్చాయని మాత్రం వార్తల్లో చూశాం. పెద్దావిడ ఆ రోజు మా గుమ్మం ముందు నిలబడి చప్పట్లు కొట్టింది.

వేట వద్దనేవాళ్ళు ఇలా చీటీ వేయడం కొత్తేమీ కాదు. 2018లో వయోమింగ్ రాష్ట్రంలో గ్రిజ్లీలనే గోధుమరంగు ఎలుగుల వేటకి 22 పర్మిట్లిస్తామంటే ఏడు వేల మంది పైగా పెట్టుకున్నారు. వాళ్ళలో చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ ఒకరు. ఫొటోగ్రాఫర్ టామ్ మంగెల్సన్‌కి నిజంగానే తగిలింది. కెమెరాతో కాలుస్తానన్నాడు. ఆ వేటని చివరికి కోర్టే ఆపేసింది. అప్పట్లో ఆవిడ ఒక చీటీతో నిలబడినందుకే నాకు గౌరవం. మా డ్రా అయిన వారానికే, అక్టోబర్ 1న, ఆవిడ పోయారన్న వార్త వచ్చింది.

వేటగాడి బాధ కూడా నాకు ఇప్పుడు కొంత తెలుస్తోంది. మా టీమ్ వాడన్నట్టు, వాడుకునే ఉద్దేశం లేనివాణ్ణి గిన్నెలోకి రానివ్వాలా అన్నది మంచి ప్రశ్నే. నా లెక్కలో రానివ్వాలి. ఎలుగు వేటగాళ్ళ ఒక్కళ్ళదే కాదు, దాన్ని కిటికీలోంచి చూసే మా ఆవిడదీను. వాడికీ నాకూ చెరొక చీటీ ఉంటే ఇద్దరం తలొంచుకుని ఇంటికెళ్ళేవాళ్ళం. ఇక్కడ జరిగింది అది కాదు. ఎలుగు మీద ప్రేమ ఎవరి కార్డులో ఎంతుందో కొలిచారు, వేట మీద మోజూ అలాగే.

నెల తిరిగాక కార్డు స్టేట్‌మెంటు వచ్చింది. ఐదు డాలర్ల పద్దు ఒకటి, అది నాది. దాని కింద, మర్నాడు ఆదివారం తేదీతో, వరసగా పది. నేను కాగితం టేబుల్ మీద పెట్టి ఊరుకున్నాను. ఆవిడ కాఫీ కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే, "దానికి పిల్లలున్నాయండీ" అంది.

తరవాతి చెత్త రోజు తెల్లవారుజామున ఐదింటికి డబ్బా ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. మూత మీద గోళ్ళ గీతలు కొత్తవి పడ్డాయి. జేబులో ఫోను మోగింది. డల్లాస్‌లో ఎంఎస్ చదువుతున్న బావమరిది, రాత్రంతా మేలుకున్నట్టున్నాడు. వచ్చే మార్చి హెచ్-1బి లాటరీలో వాడి పేరు పడాలి. జీతం లెవెల్‌ని బట్టి చీటీలివ్వాలని సెప్టెంబర్‌లోనే ప్రతిపాదించారు: నాలుగో లెవెల్ వాడికి నాలుగు, మూడుకి మూడు, అలా.

"బావా, నాకు వచ్చిన ఆఫర్ లెవెల్ వన్ అంట. అంటే నాకు ఒకటేనా?"

"ఒకటేరా" అన్నాను.