డ్యూయల్ నంబర్లకు కూడిక, గుణకారం: హాస్కెల్‌లో నా అనుభవం

ఫంక్షన్ విలువా, దాని డెరివేటివూ (అది మారే వేగం) ఒకే లెక్కలో రావాలని, హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డ్యూయల్ అనే టైప్ రాసుకున్నాను. అందులో రెండు ఫీల్డులు: మొదటిది విలువ, రెండోది డెరివేటివ్. మామూలు +, * గుర్తులే దానిమీదా పనిచేయాలంటే నమ్ క్లాస్‌కి ఇన్‌స్టాన్స్ రాయాలి: నమ్ అంటే సంఖ్యల్లా పనిచేసే టైపుల గుంపు, ఇన్‌స్టాన్స్ అంటే ఆ గుర్తులు మన టైప్ మీద ఏం చేయాలో చెప్పే కోడ్.

కూడికకు ఫీల్డుకి ఫీల్డు కలిపేస్తే చాలు. అసలు కీలకం గుణకారంలో ఉంది: (అ, ఆ) * (ఇ, ఈ) అంటే (అ*ఇ, అ*ఈ + ఆ*ఇ). 2 దగ్గర ఘనం కావాలంటే (2, 1) ఇస్తాం, ఎక్స్ డెరివేటివ్ 1 కదా. వర్గం (4, 4), దాన్ని మళ్లీ (2, 1)తో గుణిస్తే (8, 12). 12 సరిగ్గా ఆ డెరివేటివే. ఘాతం గుర్తుకి నమ్ చాలు కాబట్టి అది ఉచితంగానే వచ్చేస్తుంది. ఎంత అందమైన పనో!

నేను తప్పు చేసింది ఫ్రమ్‌ఇంటీజర్ దగ్గర. కోడ్‌లో 3 అని రాస్తే కంపైలర్ దాన్ని ఈ ఫంక్షన్ గుండానే పంపుతుంది. నేను (3, 1) వచ్చేలా రాశాను. దాంతో 2 దగ్గర 3*ఎక్స్ విలువ 6 సరిగానే వచ్చింది కానీ, డెరివేటివ్ 3కి బదులు 5 వచ్చింది. స్థిరాంకం మారదు కనుక అక్కడ ఉండాల్సింది (3, 0). టైపులన్నీ కుదిరాయి కాబట్టి కంపైలర్ నోరెత్తలేదు. చేత్తో చేసిన లెక్కతో పోల్చాకే దొరికింది.

తీసివేత, నెగేట్ (సంఖ్య గుర్తు మార్చేది) రెండూ వదిలేశాను. వార్నింగ్ వచ్చింది, పట్టించుకోలేదు. నడిపితే ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంది: డిఫాల్ట్‌గా తీసివేత నెగేట్‌ని పిలుస్తుంది, నెగేట్ తీసివేతని పిలుస్తుంది. రెండిట్లో ఒక్కటి రాస్తే సరిపోయింది. ఆబ్స్ (గుర్తు తీసేసిన విలువ), సిగ్నమ్ (గుర్తు మాత్రమే: 1, 0 లేదా -1) కూడా తప్పనిసరి. ఆ రెండిటి లబ్ధం మళ్లీ మొదటి సంఖ్యే రావాలి, అందుకే సిగ్నమ్‌లో రెండో ఫీల్డు 0.

ఫీల్డుల ముందు ఆశ్చర్యార్థకం పెట్టి స్ట్రిక్ట్ (వెంటనే లెక్కయ్యేలా) చేయండి. లేకపోతే పొడవాటి కూడికల్లో చేయని లెక్కలు మెమరీలో పేరుకుపోతాయి.

వెక్టర్లకు మాత్రం నమ్ ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం. వెక్టర్ని వెక్టర్‌తో గుణిస్తే డాట్ ప్రోడక్టా, క్రాస్ ప్రోడక్టా? సొంత గుర్తులు పెట్టుకోండి. ప్రిసిడెన్స్ (ఏ గుర్తు ముందు లెక్కవ్వాలో చెప్పే అంకె, పెద్దదే ముందు) చెప్పకపోతే వాటన్నిటికీ 9 పడుతుంది, ఎడమనుంచి వరసగా లెక్కవుతాయి, గుణకారం కంటే ముందే కూడిక జరిగిపోతుంది. అందుకే కూడికకు 6, గుణకారానికి 7 అని ఇన్‌ఫిక్స్‌ఎల్ వరసలో (ఎడమనుంచి లెక్కించమని చెప్పే కోడ్ వరస) చెప్పండి. మామూలు +, * లకు ఉన్నవీ అవే.